మా అక్క అరికాళ్లు

మా కాలనీ పార్కులో ఈమధ్య గులకరాళ్లతో ఒక బాట వేశారు. పొద్దున్నే వెళ్తే కనిపిస్తారు, రిటైరైన సార్లు, బజార్లో దుకాణాలున్న సేట్లు, వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు, అందరూ చెప్పులూ బూట్లూ బెంచీల కింద విడిచి, ముఖాలు చిట్లించుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఆ రాళ్ల మీద అడుగులో అడుగు వేసుకుంటూ తిరుగుతుంటారు. ఒంట్లో ఉన్న రోగాలన్నీ అరికాలి గుండా దిగిపోతాయట. నేను బెంచీ మీద కూర్చుని చూస్తాను, బాట ఎక్కను. మొన్న ఒక ఆదివారం మా పక్కింటి పిల్లవాడు, ఇంట్లోనే కూర్చుని కంప్యూటరు ఉద్యోగం చేసుకునేవాడు, మట్టి కాళ్లతో వచ్చి నా పక్కన కూర్చున్నాడు. హసన్‌పర్తి అవతల ఏదో గుట్ట ఎక్కి దిగి వచ్చాడట, పదిమంది కలిసి, ఒక్కరి కాళ్లకూ ఏమీ లేకుండా.

“తాతా, మీరు చిన్నప్పటి సంది చెప్పుల్లేకుంటనే తిరిగిండ్రట గదా. అందుకే ఇంత గట్టిగున్నరు. వచ్చే వారం మా గ్రూపుకు వచ్చి జర నాలుగు మాటలు చెప్పరాదు?”

నేను అతని కాలు ఎత్తించి అరికాలు చూశాను. ఎర్రగా, అక్కడక్కడ గీరుకుపోయి ఉంది. నడుస్తుంటే కింద రాయి తెలుస్తోందా అని అడిగాను. “ప్రతి రాయి తెలుస్తది తాతా, గదే మజా,” అన్నాడు. తెలిసినన్నాళ్లు నడువు బిడ్డా అని చెప్పి లేచి వచ్చేశాను.

ఆ గ్రూపుకు నేను వెళ్లలేదు. వెళ్తే మా అక్క సంగతి చెప్పాల్సి వస్తుంది, సెలవునాడు సంతోషంగా గుట్టలెక్కే పిల్లల ముందు పెట్టే సంగతి కాదది. మన ఈడు వాళ్లకైతే చెప్పవచ్చు. మా అక్క కుడికాలిని మోకాలి కింది నుంచి తీసేశారు. ఆ కాలు దక్కించుకోవడానికి మాకు చాలా రోజులు గడువు దొరికింది, దాన్ని పోగొట్టిన వాళ్లలో మొదటివాణ్ణి నేను. నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై ఆరో ఏట, నా రాత వంకరగా ఉంటుంది, మాట మాత్రం తిన్నగానే ఉంటుంది కనుక ఉన్నదున్నట్టు రాస్తాను.

మాది పరకాల అవతల ఒక చిన్న ఊరు. మన కాలంలో కాళ్లకు ఏముండేదో మీకు తెలియంది కాదు. వానకు తడిసిన నల్లరేగడి మడమకు అతుక్కుని అడుగడుగుకూ ఒక్కో శేరు బరువు పెరిగేది, పొలం గట్ల మీద పల్లేరు కాయలు, కోసిన మడిలో వరి కొయ్యలు, ఎండాకాలం మధ్యాహ్నం ఒక చెట్టు నీడ నుంచి ఇంకో చెట్టు నీడకు ఒకే ఊపున ఉరకడం, మరీ కాలితే మోదుగాకులు నాలుగు ఒకదాని మీద ఒకటి పెట్టి నారతో పాదానికి కట్టుకోవడం. ఇవి తలచుకుని మురిసిపోయేవాళ్లు ఉన్నారు, పత్రికల్లో రాసేవాళ్లూ ఉన్నారు. నాకు ఆ మురిపెం లేదు. ముల్లు గుచ్చుకుంటే నొప్పే, ఎండకు కాలితే మంటే. మాకు చెప్పులు లేవు గనుక లేకుండా నడిచాం.

మా నాయనకు ఒక్కసారి ఒక జత ఉండేది. ఊరి దొర ఉండే గడి ముందు నుంచి పోయేటప్పుడు వాటిని విప్పి చేత పట్టుకుని, గడి దాటినాక మళ్లీ తొడుక్కోవాలి, అది ఊరి కట్టుబాటు. ఒకనాడు జ్వరంతో ఉన్న నన్ను భుజాన వేసుకుని పరకాల డాక్టరు దగ్గరికి పరుగెత్తుతూ విప్పడం మరిచిపోయాడు. గడి మనిషి ఆపి, ఆ చెప్పులు విప్పించి, వాటితోనే కొట్టాడు. నాకు అప్పుడు రెండేళ్లు, నాకేమీ గుర్తు లేదు. వెనకాల నడుస్తున్న అక్కకు పదేళ్లు, ఆమెకు అంతా గుర్తు. నాయన ఇంటికి వచ్చి ఆ జత బావిలో వేశాడట, తర్వాత చచ్చేదాకా చెప్పులు తొడగలేదు. మా అమ్మ నేను పాలు మరవకముందే పోయింది, కనుక నన్ను ఎత్తుకుని తిరిగింది, తినబెట్టింది, నా కాళ్లలో ముళ్లు తీసింది అంతా అక్కే.

నేను పెద్దవాణ్ణయి వరంగల్ మార్కెట్ యార్డులో హమాలీగా చేరాను. లారీకి బల్ల ఆనించి బస్తా వీపున వేసుకుని ఎక్కేటప్పుడు చెప్పులుండకూడదు, కాలు జారితే వెన్ను విరుగుతుంది, అందుకని పనిలో ఉన్నంతసేపు మేమంతా ఒట్టికాళ్లే. పని దిగగానే మాత్రం నేను చెప్పులు తొడిగేవాణ్ణి, తొడిగి టకటక చప్పుడు చేస్తూ నడిచేవాణ్ణి. మా నాయన తిన్న దెబ్బలకు నేను చేసిన తగాదా అంత మాత్రమే. బావ దగ్గుతో పోయాక అక్క తన ఒక్క కూతురిని తీసుకుని నా దగ్గరికే వచ్చేసింది. యార్డులోనే ఆమెకూ పని దొరికింది, రాలిన గింజలు ఊడ్చి, చేటలతో చెరిగే ఆడవాళ్లలో ఒకతె అయింది. నేను ఆమెకు రెండుసార్లు చెప్పులు కొన్నాను. రెండు జతలూ సంచిలో చుట్టి దూలానికి వేలాడదీసింది. ఎందుకు తొడగవని కోప్పడితే ఒకే మాట చెప్పేది.

“చెప్పులు తొడిగినోడు యాడ విప్పాల్నో యాదుంచుకోవాలె తమ్మీ. నాకు గా తిప్పలే లేదు.”

యార్డులో అక్క పాదాలు పేరుపడ్డాయి. వెడల్పుగా, నల్లగా, మడమ పగుళ్లలో రూపాయి బిళ్ల నిలబెట్టవచ్చని ఆడవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. మిర్చి సీజన్లో ఆ పగుళ్లే ఆమెకు నరకం. ఎర్రటి మిర్చి కుప్పల మధ్య తిరిగితే గింజా దుమ్మూ పగుళ్లలో దూరి మండేది, సాయంత్రం ఇంటికి వచ్చి మజ్జిగ పోసి కడుక్కునేది, తడి గోనెపట్టా మీద కాళ్లు పెట్టుకుని కూర్చునేది. మిర్చి లేని నెలల్లో కూడా ఆ మంట ఉంటోందని కొన్నేళ్ల తర్వాత అనడం మొదలుపెట్టింది. అరికాళ్లలో ఎవరో నిప్పులు పోసినట్టుందని, చీమలు పాకినట్టుందని చెప్పేది. బిందెడు నీళ్లు తాగేది. మనిషి చిక్కిపోయింది. కాయకష్టం చేసే ఒళ్లు, చిక్కక ఏమవుతుంది అనుకున్నాం. షుగర్ అనే రోగం ఉందని మాకు తెలుసు, అది నెయ్యీ స్వీట్లూ తిని గద్దె మీద కూర్చునే సేట్లకు వచ్చేదని కూడా తెలుసు. జొన్న గట్క తాగేవాళ్లకు వస్తుందని ఎవరూ చెప్పలేదు, మేం ఎవరినీ అడగలేదు.

తర్వాత ఒక వేసవిలో ఆ మంట దానంతట అదే పోయింది. అక్క సంబరం నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. ఆ ఏడు మిర్చిలో అందరూ కాళ్లు దులుపుకుంటూ గంతులేస్తుంటే ఆమె నిదానంగా కుప్ప మధ్యలో నిలబడి చెరిగేది. పొయ్యిలోంచి జారిన నిప్పు కణిక మీద కాలు వేసి, కమురు వాసన వచ్చాక చూసుకుని నవ్వింది. సమ్మక్క తల్లి దయ, నా కాళ్లు ఇనుమైనయి అనేది. నేను హమాలీల మధ్య కూర్చుని, మా అక్క కాలి కింద బీడీ ఆరిపోతుంది గానీ కాలు కాలదు అని గొప్పలు చెప్పేవాణ్ణి. ఒకరిద్దరు నమ్మకపోతే వాళ్లను తీసుకొచ్చి చూపించాను కూడా.

ఆ కాలంలోనే మేనకోడలికి కాన్పు కష్టమైంది. రెండు ప్రాణాలూ దక్కవన్నారు. అక్క దవాఖాన వరండాలో కొంగు పరచి మొక్కుకుంది, ఇద్దరూ బతికితే ఇంటి గడప నుంచి మేడారం గద్దెల దాకా బస్సెక్కకుండా ఒట్టికాళ్లతో నడిచి వచ్చి, పిల్ల ఎత్తు బంగారం ఇచ్చుకుంటానని. అక్కడ బంగారమంటే బెల్లమని మనకు తెలిసిందే. ఇద్దరూ బతికారు. మాఘమాసంలో జాతర రాగానే అక్క బయలుదేరింది, తోడు నేను. బెల్లం ముద్ద మూట నా నెత్తిన, పసుపు కుంకుమలు ఆమె ఒడిలో. నేను చెప్పులతోనే నడిచాను. నా మొక్కు కాదు గదా అన్నాను, అక్క సరేనంది.

నాలుగు రోజుల నడక. మొదటి రెండు రోజులు ఏమీ కాలేదు. దారి పొడవునా ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, శివసత్తుల పూనకాలు, కోళ్లను చంకన పెట్టుకున్న ముసలివాళ్లు, అంతమందిలో నడుస్తుంటే దూరం తెలియదు. మూడోనాడు అడవి మొదలైన చోట రోడ్డు పని జరుగుతోంది. జాతరకు ముందు ప్రతిసారీ అంతే, గుంతలు పూడ్చి పైన కొత్త డాంబరు పోస్తారు. రోడ్డుకు ఒక పక్కన అప్పుడే పోసిన డాంబరు నల్లగా మెరుస్తోంది, దాని మీద ఇంకా కంకర చల్లలేదు. జనమంతా రెండో పక్కకు ఒత్తుకుని పోతున్నారు. ఎదురుగా వచ్చిన లారీకి బెదిరి జనం ఒక్కసారి తోసుకోవడంతో నేను అంచుకు వచ్చాను, నా ఎడమ చెప్పు డాంబరులో దిగింది. గుంజితే పట్టీ తెగి చెప్పు అక్కడే ఉండిపోయింది. ఆ వేడి నా పాదానికి చెప్పులోంచే తగిలింది. తలెత్తి చూస్తే అక్క ఆ నల్లటి మెరుపు మధ్యలో ఉంది. జనం తోపులాటకు పక్కకు జరిగి, రోడ్డు ఖాళీగా ఉంది కదా అనుకుని, ఒడి పట్టుకుని నిదానంగా నడుచుకుంటూ పోతోంది.

డాంబరు డ్రమ్ము దగ్గర ఉన్న ఆడకూలీ ఒకామె కేక వేసింది.

“ఓ అవ్వా, ఇవతలికి రా, కాలుతది.”

అక్క ఆగి వెనక్కి తిరిగి, “ఏం కాలుతది బిడ్డా?” అంది.

అక్క ఆగింది ఆ డాంబరు మధ్యలోనే. పది పన్నెండు అడుగులు నడిచి, అవతల మట్టిలోకి దిగి, గడ్డికి పాదాలు తుడుచుకుంది. జనం నిలబడిపోయారు. ఒక శివసత్తి ఊగుతూ వచ్చి ఆమె కాళ్లు మొక్కింది. ఆ వెనక ఇంకో ఇద్దరు, ఆ వెనక పసిపిల్లను తెచ్చి పాదాల ముందు పెట్టిన ఒక తల్లి. అక్క సిగ్గుపడి, నేనేంది, తల్లి నడిపిస్తాంది అంటూ చేతులు జోడించింది. డాంబరు పోసే కూలీల్లో ఒక నడివయసువాడు నన్ను చేయి పట్టి పక్కకు లాగాడు. వాడి ముంజేయి మీద పాత కాలిన మచ్చలు ఉన్నాయి.

“అన్నా, ఆమె నీకేమైతది?”

“మా అక్క.”

“ఆ కాలు జర చూపియ్యి యాడనన్న. ముంగట డాక్టర్ల డేరా ఉన్నది. గింత వేడికి మొగోడు మొత్తుకుంటడు, ఆమె మొత్తుకోలే.”

“నీకేం ఎరుక? తల్లి ఉన్నదిరా ఆమె మీద,” అన్నాను.

“తల్లి ఉండనీ. కాలు చూపియ్యమంటాన్న.”

నేను వాణ్ణి కసురుకున్నాను. దేవతను నమ్మని మొఖం అన్నాను. ఇంకా ఏవో అన్నాను, అవి రాయదగినవి కావు. నా పాదానికి తగిలిన వేడి ఎంతో నాకు తెలుసు, తెలిసీ అన్నాను. పదిమంది మా అక్క కాళ్లు మొక్కుతుంటే, ఆమె తమ్ముడెవరని అడిగి నాకూ దండం పెడుతుంటే, చెప్పులు చేత పట్టుకుని నడిచిన మా నాయన కొడుకును నేను, నాకు మత్తు ఎక్కింది. అరగంట నడిచాక డాక్టర్ల డేరా వచ్చింది. తెల్లటి గుడ్డ, రెండు బల్లలు, ఒక నర్సమ్మ ఊరికే కూర్చుని ఉంది. మేం దాని ముందు నుంచే నడిచి వెళ్లాం.

ఎడమ కాలు పైపైన బొబ్బలెక్కి ఊరుకుంది, కుడి అరికాలికి మాత్రం డాంబరు మందంగా పట్టి ఉండడంతో కింద ఏముందో కనబడలేదు. అక్కకు నొప్పి లేదు. నాలుగోనాడు జంపన్నవాగులో స్నానం చేసింది, నీళ్లలో ఆ కాలు నానింది, తర్వాత గద్దెలెక్కి బంగారం ఇచ్చింది. తిరుగు ప్రయాణం బస్సులో చేశాం. ఇంటికి వచ్చాక మేనకోడలు కిరోసిన్ గుడ్డతో ఆ డాంబరు తుడవబోతే, డాంబరుతో పాటు తోలు ఊడి వచ్చింది. కింద తెల్లగా, పచ్చిగా ఉంది. అంత అయినా అక్క గోడకు ఆనుకుని మనవరాలిని ఆడిస్తూనే ఉంది, ఎవరిదో కాలు అన్నట్టు. మేనకోడలు ఏడుస్తూ దవాఖానకు పోదామంది. నేనే వద్దన్నాను. తల్లి మొక్కు తీర్చిన కాలికి తల్లి ప్రసాదాన్ని మించిన మందేముందని, పసుపు నూరి, తెచ్చుకున్న బంగారం కొంచెం కరిగించి కలిపి, ఆ పుండు నిండా మెత్తి గుడ్డ కట్టాను. రోజూ పొద్దున్నే కట్టు మార్చాను. తొమ్మిది రోజులు. మన పక్క ఊళ్లలో ఇంకెంతమంది ఇట్లాగే చేసి ఉంటారో నాకు తెలియదు, చేసిన ఒక్కణ్ణయితే నాకు తెలుసు.

పదోనాడు యార్డుకు పోబోతూ చూశాను. అక్క అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది, కాలు చాపుకుని. గోడ పగులులోంచి ఒక ఎర్రచీమల బారు బయలుదేరి అరుగు మీదుగా వచ్చి కట్టులోకి పోతోంది. ఇంకో బారు బయటికి వస్తోంది. అక్క నన్ను చూసి, యార్డులో బియ్యం నూకలు దొరికితే తెమ్మంది. నేను ఆ కట్టు వైపు చూపించాను. ఆమె చూసుకుంది.

“ఇన్ని చీమలు కుడ్తాంటే నాకు తెల్వకపాయె ఏందిరా?” అంది.

అప్పటిదాకా ఆమె గొంతులో భయం నేను విని ఎరగను. ఆటో తెచ్చి పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు పడుచు పిల్ల, మా మేనకోడలి ఈడుది. కట్టు విప్పి చూసి ముక్కు కూడా మూసుకోలేదు. అక్కను కళ్లు మూసుకోమని, ఒక దూది పుల్లతో ఒక్కో వేలునూ తాకుతూ, ఇప్పుడు ఏ కాలు అవ్వా, ఇప్పుడు ఏ వేలు అని అడిగింది. అక్క బడిలో పిల్లలా వెంటవెంటనే జవాబు చెప్పింది. బొటనవేలు, చిటికెనవేలు, మడమ. ఒక్కటీ సరిగ్గా చెప్పలేదు. ఆఖరుకు డాక్టరు పుల్ల పక్కన పెట్టేసి ఊరికే నిలబడి ఇప్పుడు అని అడిగితే కూడా, మధ్యవేలు బిడ్డా అంది. మేనకోడలు బయటికి వెళ్లిపోయింది. షుగర్ ఎన్నేళ్ల నుంచి అని డాక్టరు నన్ను అడిగింది. మాకు షుగర్ లేదు మేడం, మేం హమాలోళ్లం అన్నాను. ఆమె నా ముఖం వంక చూసి రాసుకుంది.

నెత్తురు చూశారు. షుగర్ ముదిరి అరికాళ్ల నరాలు చచ్చిపోయాయన్నారు, మంట పోయింది అందుకేనన్నారు. కాలు నల్లబడుతోందని, పైకి పాకితే మనిషి దక్కదని చెప్పి ఒక కాగితం తెచ్చారు. వేలిముద్ర వేశాను. కాగితం మీద ఏ కాలు రాశారో, ఎంతవరకు రాశారో నాకు తెలియదు, నర్సమ్మ వేలు పెట్టిన చోట ముద్ర వేశాను. బయటికి వచ్చాక ఎంతవరకు తీస్తారట అని మేనకోడలు అడిగితే చెప్పలేకపోయాను. ఆమె లోపలికి వెళ్లి చదువుకుని వచ్చింది. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆమే, ఆ మరుసటి ఏడు, అక్క మంచం పక్కనే కూర్చోబెట్టి.

ఆపరేషన్ అయ్యాక వార్డుబాయి నన్ను పిలిచి, గుడ్డలో చుట్టిన ఒక మూట చేతిలో పెట్టాడు. మీరే పూడ్చుకోవాలె అన్నాడు. జీవితంలో నేను మోసిన బస్తాలకు లెక్క లేదు, అంత బరువు ఏదీ లేదు. ఇట్లాంటివి గొప్పగా చెప్తున్నాననుకోవద్దు, ఆ మూటకు నిజంగానే బరువుంది, బతికున్న కాలి బరువు మనకు తెలియదు, విడిగా మోస్తే తెలుస్తుంది. బస్సెక్కి పరకాలలో దిగి మా ఊరి బొందలగడ్డకు నడిచాను. పలుగుతో గుంత తవ్వి పూడ్చాను. పూడ్చే ముందు గుడ్డ ఒకసారి విప్పాను. వేళ్ల సందుల్లో ఇంకా కొంచెం డాంబరు ఉంది.

అక్క ఆ తర్వాత ఏడేళ్లు బతికింది. రబ్బరు పాదమున్న కొయ్యకాలు ఒకటి ఉచితంగా ఇచ్చారు, దానితో పాటు మిగిలిన కాలికి మెత్తటి చెప్పు. ఇంట్లో కూడా విప్పకూడదని డాక్టరు గట్టిగా చెప్పింది. అక్క విప్పలేదు. పొయ్యి దగ్గర, దేవుని గూటి దగ్గర, ఎక్కడా విప్పలేదు. చుట్టాలు వచ్చి చెప్పుతో ఇంట్లో తిరుగుతోందని ముఖం పక్కకు తిప్పుకుంటే, “చూసేటోళ్లు చూడుండ్రి, నాకున్నది ఒక్కటే,” అనేది. నన్ను ఒక్కమాట అనలేదు. ఆ డాంబరు కూలీ ఏం చెప్పాడో, నేను వాణ్ణి ఏమన్నానో ఆమెకు చెప్పాలని చాలాసార్లు దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఆమె నా కాళ్లు చూపించమనేది, వేళ్లు ఒక్కొక్కటే నొక్కి తెలుస్తాందా తమ్మీ అనేది. తెలుస్తాంది అక్కా అని లేచి వచ్చేవాణ్ణి. నేను చెప్పకముందే ఆమె పోయింది.

అక్కను మా ఊరికి తీసుకుపోయాం. స్నానం చేయించి పడుకోబెట్టాక, బొటనవేళ్లు రెండూ కలిపి కట్టడానికి మా చిన్నాయన దారం తీసుకుని కూర్చున్నాడు. కూర్చుని ఆగిపోయాడు. ఇది ఎవరికీ ముందుగా తోచలేదు. కొయ్యకాలు తెచ్చి పెడితే దాని రబ్బరు వేలికి కట్టవచ్చని ఎవరో అన్నారు. మేనకోడలు ఒప్పుకోలేదు. ఉన్న వేలికి కట్టి ఊరుకొమ్మని నేనే చెప్పాను. చిన్నాయన ఉన్న వేలికి రెండు చుట్లు చుట్టి ముడి వేసి, దారం రెండో కొసను అట్లాగే వదిలేశాడు. పాడె లేపినప్పుడు ఆ కొస గాలికి ఊగుతూ ఉంది. అదే బొందలగడ్డలో పూడ్చాం. కాలు పూడ్చిన చోటు ఇదేనని ఖాయంగా చెప్పలేకపోయాను, ఏడేళ్లలో తుప్పలు పెరిగాయి. ఇక్కడెక్కడో అన్నాను.

ఇప్పుడు యార్డులో చెరిగే ఆడవాళ్లందరి కాళ్లకూ చెప్పులున్నాయి. మేడారానికి ఆడవాళ్లు బస్సులో టికెట్టు పైసలు లేకుండా పోయి వస్తున్నారు. నర్సమ్మలు ఇంటి ముందుకే వచ్చి వేలు గుచ్చి షుగర్ చూసి పోతున్నారు, మా వాడలో మూడో తరగతి పిల్లకు కూడా ఆ అంకె ఎంతుండాలో తెలుసు. గడి కూలిపోయింది, ఎవరూ ఎక్కడా చెప్పులు చేత పట్టుకోనక్కర లేదు. ఇవన్నీ మంచివే, ఇందులో ఏదీ వెనక్కి పోవాలని నేను కోరను. మన రోజుల్లో మాత్రం మనిషి కాళ్లు పదిమంది కంటబడేవి. ఎవరి మడమ పగిలిందో, ఎవరు ఏ కాలు కుంటుతున్నారో వాడంతటికీ తెలిసేది, ఎవరో ఒకరు పిలిచి గట్టు మీద కూర్చోబెట్టి కాలు ఒళ్లో పెట్టుకుని చూసేవాళ్లు. చూసిందేమిటో తెలిసేంత తెలివి మనకు లేదు. ఇప్పుడు అందరికీ తెలివి ఉంది, కాళ్లు మాత్రం కనబడవు. నేను ఆ పాత కాలం వాణ్ణి. మా అక్క కాలు రోజూ చూశాను, తొమ్మిది రోజులు నా చేతులతో కట్టు కట్టాను, చూస్తూనే ఉన్నాను.